హ్యామర్ లేని పిస్టల్

అక్టోబర్ 2

కొత్త పిస్టళ్లు వచ్చాయి. కౌంటీ పోలీసు ఆఫీసులో డెప్యూటీలందరం పుట్టినరోజు పిల్లల్లా అట్టపెట్టెల చుట్టూ మూగాం. షెరీఫ్ ఓస్‌బీ జేబుకత్తితో టేపు కోస్తుంటే, నెమ్మదయ్యా, బొమ్మ విరిగితే మళ్లీ కొనిపెట్టరు అని వెనకనుంచి ఎవరో అరిచారు.

కాల్పులు నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని నేనే కాబట్టి, మొదటి అభిప్రాయం ఏమిటో ఓ పేజీ టైపు చేసి ఇమ్మన్నాడు ఓస్‌బీ. అది రేపు ఇస్తాను, మర్యాదగా. ఇక్కడ నిజం రాసుకుంటాను. చేతిలోకి రాగానే మనసు పారేసుకున్నాను. తేలిక. సగం ప్లాస్టిక్. పిడి వెనక తొడుగు చిన్న సైజుది పెడితే నా చేతికోసమే చేసినట్టు కూర్చుంది. ఇన్నేళ్లూ మగాళ్ల చేతుల కొలతకి పోతపోసిన ఇనప ముద్దని మోశాను కదా, ఏడుపొచ్చినంత పనైంది.

ఒక్కటే వింత. వెనక గుండుని కొట్టే సుత్తి, అదే హ్యామర్, లేదు. పాతదానికి వెనక తోకలా లేచి ఉండేది. బొటనవేలికి తగిలేది. పిస్టల్ ఏ స్థితిలో ఉందో చూడకుండానే తెలిసేది. దీనికి అంతా లోపలే, స్ట్రైకర్ అని ఒక చిన్న ఊచ స్ప్రింగు మీద కాచుకుని ఉంటుంది. బయటికి మొహం నున్నగా ఉంది, ఏమనుకుంటోందో తెలీని మనిషిలా.

ట్రిగ్గర్ మాత్రం అద్భుతం. పాతదానికి మొదటి గుండు పేల్చాలంటే పొడుగ్గా, బరువుగా లాగాలి. దీనికి మొదటిదీ తేలికే, ఆఖరుదీ తేలికే. వేలు పెడితే కాస్త ఖాళీగా కదులుతుంది, తర్వాత గోడలాంటిది తగులుతుంది, ఆ గోడని దాటితే పేలుతుంది. అంతే.

వెర్లిన్ ట్వైట్ మాత్రం ముట్టుకోలేదు. మా అందరికంటే పెద్దాయన. నేను చేరిన కొత్తలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉద్యోగం నేర్పింది ఆయనే. కాఫీ కప్పుతో గోడకానుకుని, మా ఆవిడ ఆర్డిస్ కుట్టుమిషను కూడా ఇలాంటి పెట్టెలోనే వచ్చింది, అదీ ఇలాగే నిగనిగలాడేది, ఒక్క చొక్కా కుట్టలేదు అన్నాడు. ఒకసారి పట్టుకుని చూడండి అంటే, తొందరేముంది పిల్లా, అదీ ఎక్కడికీ పోదు, నేనూ పోను అన్నాడు.

అక్టోబర్ 6

కంకర గుంటలో కొత్త పిస్టళ్లతో మొదటి కాల్పుల పరీక్ష. గాలి ఈడ్చి కొడుతోంది. రోడ్డు మీద చక్కెర తీసే బీట్‌రూట్ లారీలు వరసగా పోతున్నాయి, మిల్లుకి.

ముందు నేను చూపించాను. నడుముకున్న హోల్‌స్టర్ నుంచి తీసి మొదటి గుండు వదలడంలో ఈ కౌంటీలో నన్ను కొట్టేవాడు లేడు. ఓస్‌బీ టైమర్ చూసి ఈల వేశాడు. అమ్మో, నీతో గొడవ పెట్టుకోకూడదు అన్నాడు. లోపల్లోపల పొంగిపోయాను, ఎందుకు దాచాలి.

తర్వాత వెర్లిన్. ఎడమచేతి వాటం. ఆయన గురి గురించి ఈ చుట్టుపక్కల కథలు చెప్పుకుంటారు. బజర్ మోగింది, చెయ్యి కదిలింది, ఢాం. టార్గెట్ దగ్గర కాదు. ఆయన బూట్ల ముందు. కంకర ఎగిరి ఆయన ప్యాంటుకే కొట్టింది. పిస్టల్ ఇంకా నడుము ఎత్తులోనే ఉంది.

ఎవరో నవ్వారు. ఏమిటండీ, పురుగు పాకిందా అన్నారు. వెర్లిన్ కూడా నవ్వాడు. మళ్లీ బజర్. మళ్లీ ఢాం, ఈసారి రెండడుగులు ముందు. ఇక ఎవరూ నవ్వలేదు.

నాకు వెంటనే అర్థమైంది. పాత పిస్టల్‌తో అందరికంటే గట్టివాళ్లు చేసే పని ఇది. ట్రిగ్గర్ బరువు కదా, అందుకని చెయ్యి పైకి లేస్తుండగానే వేలు లోపలికి పోయి సగం లాగేసి ఉంచుతుంది. చెయ్యి చాపేసరికి గుండు సిద్ధంగా ఉంటుంది. అది తప్పు కాదు, పనితనం. జీవితమంతా ఆ వేలు అదే నేర్చుకుంది. ఈ కొత్తదానికి ఆ సగం లాగడమే చాలు, పేలిపోతుంది.

రూలు ఏమిటంటే మూడు ఛాన్సులు, ఈరోజుతో ఒకటి పోయింది. మూడూ పోతే రోడ్డు డ్యూటీ లేదు, ఫోన్ల దగ్గర కుర్చీ. ఆ ఫోన్లు ఎత్తే కంటే బ్యాడ్జి నీ బల్లమీద పడేసి ఇంటికి పోతానని వెర్లిన్ అందరి ముందూ ఓస్‌బీతో అన్నాడు. ఉత్తరం రోడ్లు చూసేది మేమిద్దరమే. మంచు మొదలైతే అక్కడ నాకు ఆయనా, ఆయనకి నేనూ తప్ప ఇంకెవరూ ఉండరు.

పాస్, ఫెయిల్ చెప్పాల్సింది నేను.

అక్టోబర్ 7

ఆ కంకర ఎగిరిన చోట ఎవరిదైనా మోకాలు ఉండి ఉంటే? ఎవరో చంటిపిల్ల ఉండి ఉంటే?

అక్టోబర్ 14

రెండో ఛాన్సు కూడా పోయింది. నిదానంగా కాల్చమంటే నిక్షేపంలా కాల్చాడు, గుండ్లన్నీ పళ్లెమంత చోట్లో పడ్డాయి. బజర్ పెట్టగానే మళ్లీ మట్టిలోకి. ఈసారి ఆయనేమీ జోకు వెయ్యలేదు. పిస్టల్ ఖాళీ చేసి బల్లమీద పెట్టి, కారులోకి పోయి కూర్చున్నాడు. చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.

అక్టోబర్ 16

ఓస్‌బీ పిలిచి తలుపేశాడు. దుప్పుల వేట సీజన్ వస్తోంది క్రిస్టా, ఊళ్లో ప్రతివాడి చేతిలో తుపాకీ ఉంటుంది, నాకు మనుషుల్లేరు అన్నాడు. వెర్లిన్ గురి నీకు తెలియందా అన్నాడు. మీరేం చెప్పదలచుకున్నారో తిన్నగా చెప్పండి అన్నాను. నేనేం చెప్పాను, ఏం చెప్పలేదే అన్నాడు.

ఒళ్లు మండింది. మంచివాడే గానీ, తన చేతికి మట్టి అంటకూడదు ఈయనకి.

అక్టోబర్ 19, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా వెర్లిన్ ఇంటికి వెళ్లాను. ఎవరూ పిలవలేదు. బేస్‌మెంట్‌లో గోడకి ధాన్యం గోదాము వాళ్ల క్యాలెండర్, దానిమీద పంట కోస్తున్న మిషను బొమ్మ. ఆ బొమ్మ చక్రమే టార్గెట్ అన్నాను. గుండ్లు పైన ఇంట్లోనే వదిలేశాం. పిస్టల్ ఖాళీయేనా అని నేను చూశాను, ఆయన చూశాడు, మళ్లీ నేను చూశాను.

ట్రిగ్గర్ పైన, పిస్టల్ పక్కన గరుకు టేపు ముక్క అంటించాను. మీ వేలికి ఇల్లు ఇదే, కాల్చాలని నిశ్చయించుకునేదాకా ఇల్లు కదలకూడదు అన్నాను. హోల్‌స్టర్ నుంచి తీయడం, చాపడం, ఆగడం. మళ్లీ. మళ్లీ. మొదట్లో ప్రతిసారీ లోపల స్ట్రైకర్ టిక్కుమంది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా ఆయన మొహం ఎర్రబడిపోయింది.

ఆర్డిస్ కాఫీ పట్టుకుని మెట్లమీద నిలబడి చూసింది. ఎందుకమ్మా నీకీ శ్రమ, ఈయన నన్ను చేసుకున్నాక మార్చుకున్న అలవాటు ఒక్కటే, బూట్లు గుమ్మంలో విప్పడం, దానికే నా జుట్టు నెరిసిపోయింది అంది. నువ్వు పైకి పోతావా లేదా అని వెర్లిన్ అరిచాడు. పోను, నా బేస్‌మెంటు అంది.

అక్టోబర్ 26

గొడవ పడ్డాం.

వెళ్లగానే, ఈ బొమ్మ తుపాకీని కొన్నవాళ్లని ఉత్తరం రోడ్డు మీద మంచులో నిలబెట్టాలి అన్నాడు. తుపాకీని కాదు వేలిని అనండి అన్నాను. అంతే. నీకు పిస్టల్ పట్టుకోవడం నేర్పింది ఎవరు, ఆ పట్టు, ఆ నిలబడ్డం, ఆ వేగం ఎవరివి, అన్నీ నా దగ్గర ఎత్తుకుపోయి ఇప్పుడు నాకే పంతులమ్మవయ్యావా అన్నాడు. మీరు నేర్పారు కాబట్టే వచ్చాను, లేకపోతే ఆదివారాలు నాకేం పనిలేక ఈ కంపు కొట్టే నేలమాళిగలో కూర్చుంటున్నానా అని నేనూ అరిచాను. మా ఇల్లు కంపు కొట్టదు అని పైనుంచి ఆర్డిస్ అంది.

ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత గంటసేపు చేశాడు. టిక్కు వినబడలేదు. ఒక్కసారి కూడా.

నవంబర్ 1

మూడో ఛాన్సు. నేలమీద పల్చగా మంచు. ఓస్‌బీ దూరంగా కారులోనే కూర్చున్నాడు, దగ్గరికి రాలేదు. నేను వెర్లిన్‌కి ఎడమ పక్కన, ఆయన వేలు కనబడేలా నిలబడ్డాను.

బజర్. చెయ్యి లేచింది. వేలు టేపు మీదే ఉంది. చెయ్యి చాపాడు. ఇంకా టేపు మీదే ఉంది. అప్పుడు లోపలికి పోయింది, ఢాం, టార్గెట్ మధ్యలో చిల్లి. పాతరోజుల్లో వేగానికి ఇది నత్తనడక. టైము లోపలే వచ్చింది, వెంట్రుకవాసిలో. అన్ని వరసలూ అలాగే కాల్చాడు. ఒక్కటి కూడా మట్టిలోకి పోలేదు.

పాస్ అన్నాను. చేతులు జోబుల్లో పెట్టుకుని కాసేపు బీట్‌రూట్ పొలాలకేసి చూశాడు. ముసలమ్మ నడకైపోయింది నాది అన్నాడు. ముసలమ్మ కాదు, ముసలాయన అన్నాను. ఏదో ఒకటిలే అన్నాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదనుకున్నాడు.

నవంబర్ 2

సంతకం పెట్టాను. నా కళ్లతో చూశాను, వేలు నిటారుగానే ఉంది. కంకర గుంటలో సరే. నిజంగా ఎవడైనా ఎదురుగా నిలబడితే ఆ వేలు ఏ అలవాటుకి పోతుంది? ఎవరికైనా ఏదైనా అయితే ఆ గుండు వదిలింది వెర్లిన్ కాదు, నేను.

నవంబర్ 8

వేట సీజన్ మొదలు. ఊరంతా నారింజ చొక్కాలే. దేవుడి దయవల్ల ఈరోజు దుప్పులు తప్ప ఎవరూ చావలేదు.

నవంబర్ 13

దీపం ఆర్పినా నిద్ర రావడం లేదు. రాసేస్తే వస్తుందేమో.

మధ్యాహ్నం జోలీన్ ఎంగ్ ఫోన్ చేసిందని కారు రేడియోలో ఆఫీసువాళ్లు చెప్పారు. భర్త డారిల్ వేట రైఫిల్ పట్టుకుని ట్రాక్టర్ షెడ్డులో కూర్చున్నాడట, పిలిస్తే పలకడట, పొద్దున్నుంచి మనిషి మనిషిలా లేడట. బీట్‌రూట్ పనులు అయిపోయిన దగ్గర్నుంచీ తిండి మానేశాడని, రాత్రిళ్లు గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడని చెప్పిందట. వెర్లిన్, నేను రెండు కార్లలో వెళ్లాం.

షెడ్డు తలుపు తెరిచే ఉంది. డారిల్ ట్రాక్టర్ మెట్టుమీద కూర్చున్నాడు, రైఫిల్ ఒళ్లో ఉంది. మమ్మల్ని చూసి లేచాడు. రైఫిల్ కూడా లేచింది. ఇద్దరం పిస్టళ్లు తీశాం. నేను వెర్లిన్‌కి ఎడమ పక్కన ఉన్నాను. నిజం చెప్పాలంటే నా కళ్లు సగం డారిల్ మీద, సగం వెర్లిన్ వేలు మీద ఉన్నాయి. దేవుడా, ఆ వేలు, ఆ వేలు అనుకుంటున్నాను. అది టేపు మీదే ఉంది.

వెర్లిన్ మాట్లాడుతూనే ఉన్నాడు, కిరాణా కొట్టు దగ్గర కలిసినట్టు. నేనే నాయనా, వెర్లిన్‌ని, ఈ చలికి నా మోకాళ్లు పట్టేశాయి, అది కింద పెట్టేస్తే లోపలికెళ్లి కూర్చుందాం అన్నాడు. వెళ్లిపో వెర్లిన్, నీకు దీంతో సంబంధం లేదు అన్నాడు డారిల్. ఎందుకు లేదు, చిన్నప్పుడు ఇదే షెడ్డులో నువ్వు తప్పిపోయావని మీ నాన్న ఊరంతా గోల పెడితే ఆ డ్రమ్ములో నిద్రపోతున్నవాణ్ని బయటికి లాగింది నేను కాదా, మళ్లీ లాగమంటే లాగుతాను, కానీ ఇప్పుడు నువ్వు బాగా బరువెక్కావు అన్నాడు. డారిల్ ఓ అడుగు వెనక్కేశాడు.

అప్పుడు డారిల్ కాలు తగిలి బోల్టుల బకెట్టు ఠంగుమని పడింది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ఏమీ పేలలేదు. ఆ చప్పుడు ఆగాక డారిల్ రైఫిల్ నేలమీద పెట్టి, మోకాళ్ల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వెర్లిన్ వెళ్లి పక్కనే నూనె మరకల్లో కూర్చుని భుజం మీద చెయ్యేశాడు.

ఆసుపత్రికి తీసుకెళ్లాం. బతికాడు. వెర్లిన్ వేలు ఇల్లు కదలలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో ఒక్కదాన్నే గట్టిగా అరిచాను, సంతోషంతో.

నవంబర్ 14

వీడియో చూశాను. వెర్లిన్ వేలు ఎలా ఉందో చూసి చెప్పమన్నాడు ఓస్‌బీ. నా చొక్కా మీది కెమెరాలో స్పష్టంగా ఉంది. మొదట్నుంచీ చివరిదాకా నిటారుగా, టేపు మీద.

సరదాగా వెర్లిన్ కెమెరాది కూడా పెట్టాను. అందులో నేనున్నాను.

నా వేలు ట్రిగ్గర్ మీద ఉంది. ఊరికే ఆన్చి లేదు. ఖాళీ కదలిక అంతా అయిపోయి, గోడ దగ్గర ఆగి ఉంది. పిస్టల్ నడుము దాటకముందే లోపలికి పోయింది. బకెట్టు పడ్డప్పుడు ఇంకొంచెం వెనక్కి కదిలింది. పిస్టల్ తిన్నగా డారిల్ ఛాతీ మీద ఉంది. నా తల మాత్రం పక్కకి తిరిగి ఉంది. వెర్లిన్ వేలు చూస్తున్నాను.

పేలలేదు. ఎందుకు పేలలేదో నాకు తెలీదు.

నిటారుగానే పెట్టానని బైబిల్ మీద ఒట్టేసి చెప్పేదాన్ని. ఇప్పటికీ ఆ వేలు నాదనిపించడం లేదు. వీడియో మళ్లీ పెట్టాను. మళ్లీ.

నా మొదటి గుండుకి అంత వేగం ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. ఇన్‌స్ట్రక్టర్ వేలు ఎవరు చూస్తారు?

నవంబర్ 15

వెర్లిన్ ఫోన్ చేశాడు. చూశావా అన్నాడు. చూశాను అన్నాను. అక్కడే కంటి చివర్నుంచి కనబడింది, బకెట్టు పడ్డప్పుడు నా ప్రాణం పోయింది అన్నాడు. ఎందుకు చెప్పలేదు అన్నాను. ఏం చెప్పను, నేను నేర్పిన వేలే కదా అన్నాడు.

తర్వాత అన్నాడు, చూడు పిల్లా, ఓస్‌బీ నా వేలు గురించి అడిగాడు, నీ వేలు గురించి ఎవరూ అడగలేదు, ఆ రెండో వీడియో ఎవరికీ అక్కర్లేదు, నేను చూడలేదు, నువ్వూ చూడలేదు, ఆదివారాలు మా బేస్‌మెంటుకి రా, సరిచేసుకుందాం, మూడో కంటికి తెలియదు. ప్రేమతోనే అన్నాడు. అందుకే కాదనడానికి నోరు రాలేదు.

ఓస్‌బీకి వెర్లిన్ వేలు బాగుందని చెప్పాను. అది అబద్ధం కాదు.

నవంబర్ 17

ఈరోజు జోలీన్ ఎంగ్ ఆఫీసుకొచ్చింది. పెద్ద పళ్లెంలో గుమ్మడికాయ కేకు బార్లు, పైన మీగడ పూత, వెండి కాగితం కప్పి. డారిల్ నిన్న గుడ్డు తిన్నాడట. డాక్టరు మంచివాడట, డారిల్ ఆయనతో మాట్లాడుతున్నాడట. అది చెప్తూ చెప్తూ నా కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

వంటింటి కిటికీలోంచి అంతా చూశానమ్మా అంది. ఆయన రైఫిల్ ఎత్తాడు, ఇంకొకరైతే కాల్చేసేవాళ్లు, మీరు కాల్చలేదు, ఈ చెయ్యి చల్లగా ఉండాలి అంది. వంగి నా వేళ్లమీద ముద్దు పెట్టింది.

బార్లు చాలా బాగున్నాయని అన్నాను. ఇంకా తిననే లేదు.

నవంబర్ 18

వీడియో ఓస్‌బీకి చూపించాను. నా వేలు దగ్గర ఆపి.

చాలాసేపు చూశాడు. తర్వాత, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు. కాలేదు అన్నాను. మరి దీన్నెందుకు తవ్వడం, నాకున్న ఇన్‌స్ట్రక్టర్‌వి నువ్వొక్కదానివి, నువ్వు ఫెయిలైతే నువ్వు పాస్ చేసినవాళ్లందరి సంగతేమిటి, పేపర్‌వాళ్లకి తెలిస్తే ఏమిటి అన్నాడు. ఆయన గొంతు పెరుగుతోంది. వెర్లిన్ ఇలా పెట్టుంటే ఏం చేసేవారు అన్నాను. వీడియో మూసేశాడు.

పిస్టల్ ఖాళీ చేసి ఆయన బల్లమీద పెట్టాను. మరి నీ పరీక్ష ఎవరు పెడతారు అని అరిచాడు. వెర్లిన్ అన్నాను. వెర్లిన్ ఒప్పుకోడు అన్నాడు. ఒప్పుకుంటాడు, నన్ను మూడుసార్లూ ఫెయిల్ చెయ్యాల్సొస్తే చేస్తాడు, చెయ్యకపోతే ఆర్డిస్ ఊరుకోదు అన్నాను.



నవంబర్ 22

ఫోన్ల దగ్గర కుర్చీ. పరీక్ష అయ్యేదాకా పిస్టల్ లేదు, నడుము తేలిగ్గా ఉంది. ఉత్తరం రోడ్డు మీద మంచు, వెర్లిన్ ఒక్కడే ఉన్నాడు.

ఫోన్ మోగినప్పుడల్లా చూపుడు వేలు నిటారుగా చాపి రిసీవర్ ఎత్తుతున్నాను. పక్క కుర్చీలోంచి టీనా, వేలికేమైంది, దెబ్బ తగిలిందా అని అడిగింది.

ఎవరికీ తగల్లేదు అన్నాను.